విజయక్క పదకొండు బకెట్లు

విజయశ్రీ అక్కకు రోజు మొత్తంలో తనదంటూ ఉండేది ముప్పావుగంట. పొద్దున ఆరూ నలభైకి మెట్లెక్కి డాబా మీదికి వచ్చేది, ఏడూ ఇరవై అయిదుకు దిగిపోయేది. మిగతా రోజంతా కింద రెండో అంతస్తులో, రెండు గదుల కిరాయి ఇంట్లో, భర్త జగన్మోహన్ సారు మంచం పక్కన. మొన్న ఏప్రిల్‌లో ఆ ముప్పావుగంట కూడా పోయేదే.

అశోక్‌నగర్‌లో ఆ డాబా మీది రేకుల గది నాది. ఇంజనీరింగ్ మూడో ఏడు వదిలేసి పార్సిళ్లు ఇళ్లకు చేరవేస్తూ బతుకుతున్నాను కాబట్టి నాకు అంతకన్నా మంచి గది రాలేదు. పక్క డాబా హాస్టల్‌ది. గ్రూప్స్‌కి చదివేవాళ్లు తెల్లారకముందే పుస్తకం పట్టుకుని పిట్టగోడ వెంబడి అటూ ఇటూ నడుస్తూ రాజ్యాంగం వల్లె వేస్తుంటారు. వాళ్ల గొంతుకు నిద్ర లేచి తలుపు తీస్తే ఎదురుగా విజయక్క కనబడేది. గొంతుక్కూర్చుని, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, పెయింట్ బకెట్లో మట్టి పొడి చేస్తూ.

నలభై ఏడేళ్లుంటాయి. పెళ్లికి ముందు నుంచీ నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించేది. టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసైతే ఒకప్పుడు ఉద్యోగం గ్యారంటీ అట. ముప్పై మిషన్లు, గంటకో బ్యాచి. పద్దెనిమిదేళ్ల తర్వాత నేర్చుకునేవాళ్లు లేక అది మూతపడింది. ఆ తర్వాత చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర జిరాక్స్ షాపులో అప్లికేషన్లు కొట్టిపెట్టింది. సారు ఆపరేషన్‌తో అదీ ఆగింది.

జగన్మోహన్ సారు సుల్తాన్ బజార్‌లో జాకెట్ ముక్కలు అమ్మే దుకాణంలో కౌంటర్ మీద ఇరవయ్యేడేళ్లు నిలబడ్డ మనిషి. చీర కొస చూపిస్తే చాలు, వంద రంగుల్లోంచి సరిపోయే ముక్క చూడకుండానే లాగేవాడట. వచ్చిన ప్రతి ఒక్కరినీ సార్, మేడమ్ అని పిలిచి పిలిచి, చివరికి నేను తనను సార్ అంటే భలే సంతోషపడేవాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని తినేసింది. పోయిన ఏడు జూలైలో ఛాతీ కోసి, పాడైన కవాటం తీసి, అక్కడ మిషన్ కవాటం పెట్టారు. అప్పటి నుంచి మెట్లు దిగాలంటే భయం, ఒంటరిగా ఉండాలంటే భయం.

"నీకు వినవడ్తదా?" అని అడిగింది అక్క, ఒకరోజు వాళ్లింట్లో నేను చాయ్ తాగుతుంటే. సారు పక్క గదిలో పడుకున్నాడు.

"ఏంది?"

"ఆగు. ఫ్యాన్ బంద్ చేస్త."

ఫ్యాన్ రెక్కలు నెమ్మదించి ఆగాయి. అప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్. దిండు కింద పాత చేతిగడియారం పెట్టినట్టు. తలుపు అవతల, గోడ అవతల, మనిషి ఛాతీలోంచి.

"సారుకు తెల్వదా?"

"తెలుసు. నిద్ర వట్టకుంటే లెక్కపెట్టుకుంటడు."

ఇంకో రోజు డాబా మీద, నేనేమీ అడగకుండానే చెప్పింది. "ముప్పై మిషన్ల నడుమ పద్దెనిమిదేండ్లు కూసున్న సుమంత్. ఒక్కనాడు తలకాయ నొయ్యలే. ఇది ఒక్కటే, గింత సప్పుడు. ఆగితే ఎట్ల అని ఒక భయం. ఆగకుంటే ఇగ గింతేనా అని ఇంకో భయం. గట్ల అనుకుంట, మల్ల నన్ను నేనే తిట్టుకుంట. ఈడికొస్తే వినవడదు. గందుకే వస్త. ఎవ్వరికీ చెప్పకు."

చెప్పనన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ఆకుకూరల పని మొదలైంది మాత్రం సారు కోసమే. సెప్టెంబర్‌లో చూపించుకోవడానికి పోతే రక్తం తక్కువుందని చెప్పారు. రక్తం తక్కువంటే మన ఇళ్లల్లో ఒకటే మందు, ఆకుకూర. బండి మీద కొనడానికి అక్కకు మనసొప్పలేదు, ఏ మురికి నీళ్లతో పండించారో అని. ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా వేద్దామంది. కింద వీధిలో కొత్త అపార్ట్‌మెంట్‌కు రంగులు వేసేవాళ్లను అడిగి ఇరవై లీటర్ల ఖాళీ బకెట్లు పదకొండు మోసుకొచ్చాను. కడ్డీ కాల్చి అడుగున బొక్కలు పొడిచాం. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి నింపాం. పాలకూర, మెంతి వేస్తానంటే, సలాడ్ ఆకు కూడా వెయ్యమని లెట్యూస్ గింజలు తెప్పించింది నేనే. "రక్తానికి మస్త్ మంచిదట అక్కా" అన్నది కూడా నేనే. ఎక్కడ చదివానో, అసలు చదివానో లేదో ఇప్పుడు గుర్తులేదు.

లెట్యూస్ గింజ నువ్వుగింజ కన్నా సన్నం. లోతుగా పూడిస్తే మొలవదు, వెలుతురు తగలాలి. పైపైన చల్లి మట్టికి అంటేలా నొక్కాలి. అక్క రెండు చేతుల వేళ్లూ ఎనిమిది వరుసగా పెట్టి, బొటనవేళ్లు పైకి లేపి, ఒక్కో వేలితో నొక్కేది. టైపు మిషన్ మీద పెట్టినట్టే. ఆ కాసేపు ఆమె ముఖం చూస్తే కింద ఒక ఇల్లుందని, అందులో ఒక మంచముందని మరిచిపోయినట్టుండేది.

పూర్తిగా మరిచిపోనివ్వదు బెల్లు. సారు మంచం దగ్గర ఒక రిమోట్, దాని బెల్లు డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మేకుకు. నొక్కితే పిట్ట పాట పాడుతుంది. మొదటి కూతకే అక్క లేచేది, మట్టి చేతులతోనే మెట్లు దిగేది. మంచినీళ్లకో, కళ్లద్దాలు కనబడకో, ఒక్కోసారి ఊరికే.

"ఏమైంది సార్‌కు?" అంటే, "ఏం కాలే. ఉన్ననా లేదా అని చూసిండు" అనేది.

నవంబర్‌కి కోతకొచ్చాయి. పక్క ఆకులు కోసుకుని నడిమి చిగురు వదిలేస్తే మళ్లీ వస్తాయి. పదకొండు బకెట్లు, చలికాలం, పొద్దుటెండ. కోసేకొద్దీ వచ్చాయి. మధ్యాహ్నం అన్నం కంటే ముందు సారుకు స్టీలు పళ్లెం నిండా పచ్చి ఆకు, నిమ్మకాయ పిండి, కొంచెం పల్లీల పొడి చల్లి. ఉప్పు తక్కువ తినాలి కదా, ఉప్పు లేకుండా.

"మేకకు ఏసినట్టు ఏస్తున్నవ్ గదనే" అనేవాడు సారు.

"తినుండ్రి. రక్తం వడ్తది."

"దొడ్లె కట్టేసినవ్, మేత ఏస్తున్నవ్. ఇగ గంట కూడా కట్టు మెడకు."

"గంట మీ చేతులనే ఉన్నది గద. పొద్దుమాపు కొడుతనే ఉన్నరు."

ఆమె ఒక్క ఆకు తినేది కాదు. మొత్తం ఆయనకే.

ఇక్కడ ఒక గోళీ సంగతి చెప్పాలి. మిషన్ కవాటం పెట్టుకున్నవాళ్లు రక్తం పలచగా ఉంచే గోళీ బతికినన్నాళ్లూ మింగాలి. లేకపోతే ఆ కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుంది. నెలకోసారి చిక్కడపల్లి ల్యాబుకు ఆటోలో పోయి పరీక్ష చేయించుకోవాలి. నంబరు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే నెత్తురు కారడం. డిసెంబర్‌లో ఒకటీ పాయింట్ ఏడు వచ్చింది. డాక్టరు గోళీ పెంచాడు. జనవరిలో మళ్లీ తక్కువ, మళ్లీ పెంచాడు. ఫిబ్రవరికి సరిగ్గా వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. "ఏమైనా మార్పులున్నాయా?" అని అడిగేవాడు డాక్టరు ప్రతిసారీ. "ఏం లేవు సార్" అనేది అక్క. ఇంట్లో ఆకుకూర తినడం కూడా ఒక మార్పని ఎవరనుకుంటారు?

తెలుసుకునే దారి లేకపోలేదు. డిశ్చార్జ్ రోజు ఆసుపత్రివాళ్లు లావుపాటి ఫైలు ఒకటిచ్చారు. అది ఇంట్లోకి రాగానే సారు విప్పనివ్వలేదు. "దవాఖాన ఫైలు ఇంట్ల విప్పితే మల్ల దవాఖానకే పోతం. దేవుని దగ్గర వెట్టు" అన్నాడు. అక్క దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పసుపు దారం ఐదు చుట్లు చుట్టి, దేవుడి అరలో పటాల వెనక నిలబెట్టింది. నెలనెలా పరీక్షకు చిన్న కార్డు చాలు, ఫైలుతో పని పడలేదు. తొమ్మిది నెలలు దానికి కూడా రోజూ అగరుబత్తి తిప్పింది.

ఏప్రిల్ మొదటివారం ఎండ ముదిరింది. రేకుల కింద నేను ఉడికిపోతున్నాను, ఇక బకెట్లో లెట్యూస్ సంగతి చెప్పాలా? నాలుగు రోజుల్లో నడిమి నుంచి కాడ లేచింది, ఆకు చేదెక్కింది. విరిస్తే పాలు కారుతున్నాయి. పాలకూర పండిపోయింది. అక్క రెండు పొద్దులు కూర్చుని మొత్తం పీకేసింది.

సారుకు పండగే. "మేత బంద్ అయిందా? అయితే ఆలుగడ్డ వేపుడు చెయ్యి."

గోళీ మాత్రం పెంచిన లెక్కలోనే నడుస్తోంది.

పదిరోజులకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి నెత్తురు వచ్చింది. బ్రష్ గట్టిదని కొత్తది కొన్నారు. తొడ మీద అరచేతంత నల్ల మచ్చ లేచింది. మంచం కోడు తగిలి ఉంటుందనుకున్నారు. ఆ తర్వాతి గురువారం పొద్దున ఏడు దాటాక, ఖాళీ బకెట్లో మట్టి ఎండబెడుతుంటే పిట్ట పాట మొదలైంది. ఆగలేదు. పాడుతూనే ఉంది. అక్క పరిగెత్తింది, వెనకాల నేను. సారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కులోంచి నెత్తురు. బనియన్ ఎర్రగా తడిసింది. బొటనవేలు రిమోట్ మీది నుంచి తీయడం లేదు.

వీపు మీద మోసి రెండంతస్తులు దించాను. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ టిక్ టిక్ నా వీపులోకి కొట్టింది. ఆ రోజు తెలిసింది అక్క దేని గురించి చెప్పిందో.

ఆసుపత్రిలో నంబరు తొమ్మిది దాటింది. ఇంజెక్షన్లు, ముక్కులో దూది, ప్లాస్మా. కొంచెం కుదురుకున్నాక ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి అడిగింది. "ఈ మధ్య తిండిలో ఏమైనా మార్చారా?"

"ఏం లేదు మేడమ్. ఉన్నది బంద్ చేసినం, అంతే."

"ఏం బంద్ చేశారు?"

"ఆకుకూరలు. కొన్నవి కాదు, మావే. డాబా మీద నేనే పెంచిన." ఆ స్థితిలో కూడా అక్క గొంతులో కొంచెం గర్వం ఉంది.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "రోజుకు ఎంత?"

అక్క రెండు చేతులతో పళ్లెం చూపించింది. పైన గుట్ట కూడా చూపించింది.

"డిశ్చార్జ్ ఫైలు ఎక్కడుంది?"

నేను ఆటో ఎక్కి పోయి దేవుడి అరలోంచి తెచ్చాను. దారం ముడి అక్క చేతులకు రాలేదు. నేను పళ్లతో కొరికాను. పసుపు రాలింది. నాలుగో కాగితం తెలుగులోనే ఉంది, పెద్ద అక్షరాలతో. చదివాను: "ఆకుకూరలు రోజూ ఒకే మోతాదులో తీసుకోవాలి. ఒక్కసారిగా పెంచరాదు. ఒక్కసారిగా మానరాదు."

"ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె రక్తాన్ని చిక్కబరుస్తుందమ్మా. గోళీ పలచబరుస్తుంది" అంది డాక్టరమ్మ. "మీరు పళ్లేలకు పళ్లేలు పెట్టారు, మేం తెలియక గోళీ పెంచుకుంటూ పోయాం. మీరు ఒక్కసారిగా ఆపారు, గోళీ ఒక్కటే మిగిలింది."

అక్క ఆ కాగితం తన చేతిలోకి తీసుకుంది. "రక్తానికి మస్త్ మంచిదట" అన్న నోరు నాది.

"ఇగ అసలు పెట్టొద్దా మేడమ్?" అని అడిగింది అక్క.

"పెట్టొచ్చు. కానీ పిడికెడంటే ఏడాది పొడుగునా రోజూ పిడికెడే. పెళ్లిలో తిన్నా, ఊరెళ్లినా అంతే. అది మీ చేత అవుతుందనుకుంటే."

ఐదు రోజులకు ఇంటికొచ్చారు. సారు మంచం మీద సర్దుకోగానే నన్ను పిలిపించాడు. "సుమంత్, ఆ బకెట్లన్ని దించి చెత్త బండికి ఏసెయ్."

మూడు బకెట్లు మట్టితో సహా మోసుకొచ్చి వాళ్ల గుమ్మం ముందు పెట్టాను. నాలుగోదానికి పోబోతుంటే అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఎవరు దించుమన్నరు?"

"నేనే" అన్నాడు సారు లోపలి నుంచి. "ఇంక ఎందుకవి?"

"మీ పళ్లెంల ఒక్క ఆకు వెయ్యను. సరేనా? బకెట్లు ఉండనీయుండ్రి."

"నాకు వెయ్యనప్పుడు ఎందుకే ఉండుడు? నాకోసమే గద పెంచుతున్న అంటివి. ఇప్పుడు ఎవరి కోసం?"

ఆ సమయానికి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. గదిలో ఆ శబ్దం తప్ప ఏమీ లేదు. టిక్, టిక్, టిక్. అక్క నోరు తెరిచింది. నిజం నాలుక చివర ఉందని నాకు తెలుసు. నీ గుండె చప్పుడు వినబడని చోటు నాకు అదొక్కటే అని ఏ భార్య చెబుతుంది, నెత్తురు కారి నిన్న మొన్న బతికొచ్చిన మనిషితో?

"సుమంత్ తింటడు" అంది.

సారు నా వైపు చూశాడు. "నువ్వు ఆకు తింటవా?"

నేను రోజుకు రెండు పూటలా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్ తినే మనిషిని. అందులో ఉల్లికాడ ముక్కలు కూడా ఏరి పక్కన పెడతాను.

"తింట సార్. బీపీ ఉన్నది నాకు."

"ఇరవై మూడేండ్లకు బీపీయా?"

"మా ఇంట్ల అందరికి ఉన్నది సార్. మా చెల్లెకు గూడ."

ఆయన నమ్మాడో లేదో తెలియదు. దుకాణంలో ఇరవయ్యేడేళ్లు బేరాలు చూసిన కళ్లు. నన్ను కాసేపు, అక్కను ఇంకా ఎక్కువసేపు చూశాడు. "పిలగానికి బీపీ ఉంటే ఇగ పెంచాలె మరి" అన్నాడు. అంతటితో వదలలేదు, బేరం మొదలుపెట్టాడు. "ఈ మూడు పైకి పోవద్దు. ఎనిమిది బకెట్లకు ముప్పావుగంట ఎందుకు? పావుగంట చాలు."

"అర్ధగంట" అంది అక్క.

"ఇరవై నిమిషాలు."

"అర్ధగంట" అంది మళ్లీ. బేరంలో ఆమె అంత గట్టిగా నిలబడటం ఆయనెప్పుడూ చూసి ఉండడు.

"సరే. బెల్లు సౌండ్ పెంచి పెట్టు."

అలా ముప్పావుగంట కాస్తా అర్ధగంట అయింది. పదకొండు ఎనిమిదయ్యాయి.

మే నెల ఎండకు లెట్యూస్ మొలవదు. ఏమీ వెయ్యకుండానే రెండు బకెట్లలో గంగవాయిలి కూర లేచింది, ఎరువులోంచి వచ్చిన గింజ కావచ్చు. బొద్దు ఆకులు, ఎర్ర కాడలు, ఎండ ఎంత కొడితే అంత పాకుతుంది. నిన్న పొద్దున అక్క దాని కొసలు తుంపి, కడిగి, నిమ్మకాయ పిండి గిన్నెలో నాకిచ్చింది. ఇది మూడు వారాలుగా రోజూ నడుస్తున్న శిక్ష.

"బీపీకి మంచిది" అంది నవ్వకుండా.

"ఉప్పన్న ఏసియ్యక్కా."

"బీపీకి ఉప్పు ఎట్ల ఏస్తరు?"

నమిలాను. పులపుల్లగా, జిగటగా ఉంది. అంత చెడ్డగా లేదు కానీ ఆ మాట ఆమెతో అనలేదు. అంటే రెండో గిన్నె వస్తుంది.

నేను ఎక్కడా ఏడాదికి మించి ఉండను. జూన్ ఆఖరుకు గది ఖాళీ చేస్తానని ఇంటి ఓనరుతో మార్చిలోనే చెప్పాను. అక్కకు తెలుసు. ఉండమని అడగలేదు, అడిగే రకం కాదు. ఖాళీ బకెట్లో మట్టి గుల్ల చేస్తూ, నా వైపు చూడకుండా అంది. "వానలు వడంగనే పాలకూర ఏస్త. జూన్ నడుమ ఏస్తే, నలభై రోజులకు కోతకొస్తది."

వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. జూలై ఆఖరు. తినేవాడు లేకపోతే బకెట్లు ఎవరికోసమని కింద మళ్లీ ఆ ప్రశ్నే వస్తుంది.

"ఊఁ" అన్నాను. ఆ ఊఁకు అర్థమేమిటో నాకే తెలియదు.

పిట్ట పాట మొదలైంది. సౌండ్ పెంచాక అది పిట్టలా లేదు, పక్క డాబా మీద చదివేవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. నాకు ఆ గురువారం గుర్తొచ్చింది. గిన్నె కింద పెట్టేసి మెట్ల వైపు రెండడుగులు వేశాను.

అక్క కదల్లేదు. గంగవాయిలి కొస ఒకటి తుంపి, నీళ్ల మగ్గులో ముంచి, నోట్లో పెట్టుకుంది. తన బకెట్లలోది ఆమె తినగా నేను చూడటం అదే మొదటిసారి. మెల్లగా నమిలింది. పాట అయిపోయింది, మళ్లీ మొదలైంది. మింగింది. కొంగుతో మూతి తుడుచుకుని, టైము చూసుకుంది.

"ఇంక ఆరు నిమిషాలున్నయి" అంది, నాతో కాదు.

మూడోసారి పాట అందుకోగానే లేచి మెట్లు దిగింది. పరిగెత్తలేదు. పిట్టగోడ మీది నుంచి తొంగిచూస్తే మెట్ల మొదటి మలుపు దాకా ఆమె తల కనబడింది. తర్వాత వాళ్ల తలుపు గడియ చప్పుడు, ఆయన గొంతు. "ఏడున్నవే?" అని.

"పైన" అంది.